నాగవేణి కట్టెలమోపు

ఓబుళప్ప అయ్యవారిని ప్రశ్న అడిగి, వెంటనే జవాబు పట్టుకుని ఇంటికి పోయినవాళ్లు లేరు. నలభై ఏళ్లు మెట్టపల్లెల్లో పిల్లలకు చదువు చెప్పి, ఆపైన బోడికొండల మీద మళ్లీ అడవి లేపే పనిలో పడ్డ మనిషి ఆయన. ఎవరి కొండను ఆ ఊరివాళ్లే కాచుకోవాలనేది ఆయన పట్టు. ఆ పనికి చదువుకున్న కుర్రవాళ్లను తయారుచేసి ఊరికొకరిని పంపేవాడు. నెలకోసారి వచ్చి వాళ్లు చెప్పేది వినేవాడు. ఎవరైనా ఏదైనా అడిగితే మాత్రం "సరే, పద" అని లేచేవాడు. ఎక్కడికో తీసుకుపోయి ఏదో చూపించేవాడు. ఒక్కోసారి ఏమీ చూపించకుండా, మైలు దూరం నడిపించి ఊరుకునేవాడు.

ఎర్రదిన్నెపల్లెకు పంపిన మద్దిలేటికి ఈ పద్ధతి బొత్తిగా నచ్చేది కాదు. మద్దిలేటి మంచివాడు, చదువుకున్నవాడు, గొంతున్నవాడు. మంచివాడికి గొంతు కూడా ఉంటే ఊరికి కొంచెం కష్టమే. అతను వచ్చేసరికే ఊరివాళ్లు కూడబలుక్కుని ఒక కట్టుబాటు చేసుకుని ఉన్నారు. పొట్టేలుగుట్టలో తూర్పు సగాన్ని మూడేళ్లు ఎవరూ ముట్టకూడదు. అక్కడ గుంతలు తీసి కానుగ, వేప, చండ్ర మొక్కలు నాటారు. పడమటి సగంలో మాత్రం పొయ్యికి కట్టెలు తెచ్చుకోవచ్చు. ఆ 'తెచ్చుకోవచ్చు' అన్న మాట మద్దిలేటికి కంట్లో నలుసులా ఉండేది. పెద్దవాళ్లు ఎలాగూ మారరు, పిల్లల్నయినా మారుద్దామని వారానికి మూడు రోజులు బడిలో అడవి పాఠం పెట్టాడు. ఎనిమిది నెలలు గొంతు చించుకున్నాడు. ఆ నెల అయ్యవారు రాగానే మనసులోని మాట అడిగేశాడు.

"అయ్యవారూ, నేను చెప్పేది అందరూ వింటారు, తలలూపుతారు. పొద్దున్నే మళ్లీ కత్తి పట్టుకుని గుట్టెక్కుతారు. నా మాట మనుషుల మనసుకు పట్టాలంటే ఏం చేయాలి?"

"ఒక్కరికీ పట్టలేదా?"

"ఒక పిల్లకు పట్టింది. నాగవేణి అని, మూడో తరగతి. నేను చెప్పింది పొల్లుపోకుండా అప్పజెబుతుంది" అన్నాడు. ఆ మాట అంటుంటే అతని ముఖం వెలిగింది కూడా.

"సరే, పద. ఆ పిల్లను చూద్దాం" అని అయ్యవారు కండువా దులిపి లేచాడు.

అవి ఒంటిపూట బళ్ల రోజులు. మూడు గంటల ఎండలో ఇద్దరూ వీధి చివరికి నడిచారు. నాగవేణి తండ్రి ఇళ్లు కట్టే బేల్దారి పనికి బెంగళూరు పోయి ఆరు నెలలయింది. ఇంట్లో ఉండేది తల్లి గంగులమ్మ, పిల్ల. గంగులమ్మ గడపలోనే ఎదురొచ్చింది.

"వచ్చినావా సారూ, నేనే నీ కాడికి రావాలనుకుంటాండా. అడవి పాఠమని పాపను ఇంకా బళ్లోనే పెట్టుకున్నావా?"

"బడి పన్నెండున్నరకే వదిలాం కదక్కా."

గంగులమ్మ ఒకసారి వీధి వంక చూసింది, ఒకసారి గోడ వంక చూసింది. "పొద్దున తెచ్చి ఆ గోడకానిచ్చిన కట్టెలమోపు కూడా లేదు. ఎవురో ఎత్తకపోయినారనుకుంటి" అంది. ఆ తర్వాత ఆమెకు కోపమొచ్చింది. "నా బిడ్డకు ఏం చెప్పినావు సారూ? మూడు దినాలుగా పొయ్యి మీద వండింది ముట్టలే. నానబెట్టిన శనక్కాయలు నాలుగు తిని పండుకుంటాది. నేను కత్తి తీస్తే చాలు, నా చీర పట్టుకోని ఏడుస్తాది. కొండ నిన్ను వదలదంట మా, పోవద్దు మా అంటాది. ఎవురు చెప్పినారే అంటే నోరు తెరవదు."

చెప్పింది మద్దిలేటే. చెట్టుకూ మనలాగే నొప్పి ఉంటుందని చెప్పాడు. నరికినవాళ్లను కొండ ఊరికే వదలదని చెప్పాడు. చెప్పి ఊరుకోక, అడవికి శత్రువులెవరో తెలియాలని తన చేత్తోనే ఒక పటం గీసి బడి గోడకు తగిలించాడు. అందులో నిప్పు ఉంది, గొడ్డలి పట్టిన మగవాడు ఉన్నాడు, తలమీద కట్టెలమోపుతో ఒక ఆడమనిషి ఉంది. మూడింటి మీదా ఎర్రరంగుతో అడ్డంగా రెండు గీతలు కొట్టాడు. ఆడమనిషి బొమ్మ బాగా కుదిరిందని అప్పట్లో మురిసిపోయాడు కూడా. కుదరక ఏమవుతుంది? రోజూ పొద్దున బడి ముందు నుంచి పోయే మనిషిని చూసే గీశాడు. నీలం చీర, పసుపు అంచు. ఇప్పుడు ఆ చీరే తన ఎదురుగా నిలబడి పాప యాడికి పోయిందని అడుగుతోంది.

గోడ దగ్గర ఎర్రమట్టిలో ఏదో ఈడ్చుకుపోయిన గాడి ఉంది. అది వీధి దాటి, రేగుపొదల పక్కగా గుట్ట వైపు పోయింది. గంగులమ్మ చూసింది, అంతే, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. మద్దిలేటి వెంటపడ్డాడు. అయ్యవారు తన మోకాళ్లతో అయ్యే పని కాదని గుట్ట మొదట్లో ఒక రాతిమీద కూర్చుండిపోయాడు. "వేరే దోవలో దిగొస్తే చూసేవాళ్లు ఉండాల కదా, మీరు పోండి" అన్నాడు.

సగం ఎక్కేసరికి మట్టి అయిపోయి బండ వచ్చింది. గాడి మాయమైంది. కిందటి వారమే ఆ పక్క ఎలుగుబంటి అడుగులు చూశామని కాపర్లు చెప్పారు. ఉత్తరం వైపు పాత రాతిక్వారీ గుంత ఉంది, దానికి గట్టు లేదు. ఎనిమిదేళ్ల పిల్ల, మూడు రోజులుగా కడుపునిండా తినని పిల్ల. "నాగవేణీ!" అని మద్దిలేటి అరిచాడు. బడిలో నాలుగు గోడలూ అదరగొట్టే గొంతు ఆ ఎండలో ఇరవై గజాలు పోయి చచ్చిపోయింది. ఇద్దరూ చెరో దిక్కు తిరిగారు, మళ్లీ కలుసుకున్నారు, మళ్లీ తిరిగారు. ఎంతసేపయిందో తెలియదు. నీడలు సాగుతున్నాయి. దేవుడి మీద పెద్దగా నమ్మకం లేని మద్దిలేటి, ఆ పూట తన పేరుగల స్వామికే మొక్కుకున్నాడు.

అప్పుడు గంగులమ్మ ఒకచోట ఆగిపోయింది. నరికిన బిల్లుడు చెట్టు మొదలొకటి అక్కడ ఉంది. దాని తెగిన చోట ఒక కట్టెను నిలబెట్టి, పాతచీర పేలికతో చుట్టూ బిగించి కట్టి ఉంది. మద్దిలేటికి అర్థం కాలేదు. మొక్కుబడి ముడుపేమో అనుకున్నాడు.

"ఇది నేను కొట్టిన కొమ్మే. నా కత్తిదెబ్బ నాకు తెలీదా" అంది గంగులమ్మ. "నాతోపాటు రోజూ వచ్చేది కదా సారూ. యాడయాడ కొట్టినానో దానికి తెలుసు. తిరిగి అతికించేదానికి తెచ్చింది."

పది అడుగుల అవతల ఇంకో మొదలు, దానికి ఇంకో కట్టె. ఆ పైన మరొకటి. ఆ కట్లు పట్టుకునే ఇద్దరూ పైకి పోయారు. ఒక్కొక్కటి కనిపించినప్పుడల్లా మద్దిలేటికి ప్రాణం లేచొచ్చేది, దాని దగ్గర పిల్ల లేకపోయేసరికి ఇంకో కట్టు కోసం పైకి వెతికేవాడు. పన్నెండో కట్టె దగ్గర నాగవేణి కనిపించింది. మోకాళ్లమీద కూర్చుని ఒక ముడి వేయబోతోంది. అరచేతులు తాడు ఒరుసుకుని తోలు లేచిపోయాయి. ముడి వేస్తే కట్టె పక్కకు పడిపోతోంది, మళ్లీ నిలబెడుతోంది. వీళ్లను చూసి లేవలేదు.

"సార్, పదకొండు అతికించేసినా" అంది. "ఇంగ మూడే ఉండాయి. అన్నీ అయిపోతే కొండ మాయమ్మను ఏమీ చెయ్యదు కదా సార్?"

మద్దిలేటి అక్కడే బండమీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

గంగులమ్మ ఏడవలేదు, కొట్టలేదు. బిడ్డను లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుని, అరచేతులు తన కొంగుతో తుడిచింది. ఎదురుగా ఉన్న మొదలును చూపించింది. "ఇది చూడు. ఇది నేను పోయినేడు కొట్టింది. పక్కన ఎన్ని కొమ్మలు లేసినాయో లెక్కపెట్టు. మొదలు పెరకము, తల్లికొమ్మను ముట్టము. మూడుంటే రెండు కొడతాము, ఒకటి ఇడుస్తాము. ఇది మీ నాయనను కన్న జేజి నాకు చూపిచ్చింది. ఆమె కొట్టిన మాన్లు ఇంగా ఉండాయి, రేపు చూపిస్తా."

నాగవేణి లెక్కపెట్టలేదు. తల్లి ముఖం కూడా చూడలేదు. తల తిప్పి మద్దిలేటి వంక చూసి, "నిజమేనా సార్?" అని అడిగింది.

మద్దిలేటికి అంతకుముందు ఏడుపే వచ్చింది, ఇప్పుడు భయం వేసింది. ఎనిమిది నెలల్లో తను ఏం చేశాడో ఆ చూపులో కనిపించింది. కన్నతల్లి కళ్లముందు చూపిస్తున్నదాన్ని కూడా ఈ పిల్ల తను ఔనంటే తప్ప నమ్మదు. తను కావాలనుకున్నది ఇదే. దీనికోసమే అయ్యవారిని ఉపాయం అడిగాడు.

"నిజమే నాగవేణీ" అన్నాడు. "మీ అమ్మకు తెలిసింది సార్‌కు తెలియదు. తెలియకుండానే చెప్పినా."

పిల్ల ఆ మాటను కాసేపు లోపల అటూ ఇటూ తిప్పుకున్నట్టుంది. తర్వాత తల్లి భుజం మీద తలపెట్టింది. అంతసేపూ ఎక్కడ దాచుకుందో, పెద్దగా ఏడుపు అందుకుంది. ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయింది. గంగులమ్మ బిడ్డను వీపున వేసుకుని చీరతో కట్టుకుంది. ఇక మోపు ఎత్తుకునేవాళ్లు లేరు.

మద్దిలేటి లేచి ఒక్కొక్క కట్టూ విప్పుకుంటూ దిగాడు. పిల్ల ముడులు ఎంత బిగించి వేసిందంటే, రెండుచోట్ల పళ్లతో విప్పాల్సి వచ్చింది. అన్నీ చేర్చి తాడు కట్టాక గంగులమ్మ ఆ పేలికల్నే చుట్టచుట్టి అతని తలమీద పెట్టింది, ఒంటిచేత్తో మోపు ఎత్తించింది. "మెడ బిగబట్టు సారూ, కిందికి చూడొద్దు" అంది. నాలుగడుగులకే అతని మెడనరాలు తెగిపోతాయేమో అనిపించింది. బండ దిగేటప్పుడు రెండుసార్లు తూలాడు. రోజూ పొద్దున బడి ముందు నుంచి పోయే ఆ మనిషి ఇంతకు రెట్టింపు మోసుకుని, నవ్వుతూ పలకరించేది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు, బరువుకన్నా సిగ్గే ఎక్కువగా నొక్కింది.

పొద్దు వాలే వేళకు కిందికి చేరారు. అప్పటికే కబురు తెలిసి వీధిలో ఆడవాళ్లు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. పిల్ల దొరికిందని సంతోషం, సార్ తలమీద మోపు చూసి నవ్వాలో వద్దో తెలియని అవస్థ. అయ్యవారు రాతిమీద నుంచి లేచి ముందు పిల్ల నుదురు తాకి చూశాడు. తర్వాత మద్దిలేటి పక్కన నడవసాగాడు.

"అయ్యవారూ, రేపు బడిలో ఏం చెప్పమంటారు?" అని అడిగాడు మద్దిలేటి. మెడ తిప్పే వీలు లేక ఎదురుగా చూస్తూనే అడిగాడు.

అయ్యవారు ఒకవైపు జారుతున్న మోపును చేత్తో సర్దాడు, దించమని మాత్రం అనలేదు.

"మెడనొప్పి ఎన్నాళ్లుంటుందో చూడు నాయనా. అది తగ్గకముందే చెప్పు."