అద్దంలాంటి నీళ్లు

మౌనం కోసం మోటారు ఆపారు; చేపలు చచ్చేదాకా వచ్చాయి.

కాకినాడలో వకుళమ్మగారు తన ఇంటి ముందుగదిలో ధ్యానం నేర్పేవారు. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆవిడకు తక్కువ. ఏదో ఒక పని పురమాయించి ఊరుకునేవారు. మే నెలలో ఓ మధ్యాహ్నం శిష్యురాలు ఊర్మిళ ఒక్కతే వచ్చి, తన ఇంటి ప్రశాంతత గురించి కాస్త గర్వంగానే చెప్పింది. కాలేజీ మానేస్తానని కూతురు కౌముది రభస చేసినప్పుడు, ఇంట్లో ఎవరూ గొంతెత్తడానికి వీల్లేదని ఆమె కట్టడి చేసింది. అప్పటినుంచి పిల్ల ఏం చెప్పినా "సరే అమ్మా" అంటోంది. నిన్న తన వాచీ, ప్రాణంగా చూసుకునే గిటారు స్నేహితురాళ్లకు ఇచ్చేసింది. ఈ వయసుకే వైరాగ్యం అబ్బిందని ఊర్మిళ మురిసింది.

"ఇల్లు అంత నిశ్చలంగా ఉంటే, కళ్లు మూసుకోగానే నాకు భయమెందుకు వేస్తోంది అమ్మగారూ?" అని అడిగింది.

వకుళమ్మగారు ఆమెను ధ్యానానికి కూర్చోమన్నారు. మూలనున్న చేపల తొట్టి మోటారు రొద పెడుతోందని ఊర్మిళ విసుక్కుంటే, ఆపేసుకోమన్నారు.

రొద ఆగింది. నీళ్లు ముడతైనా లేకుండా అద్దంలా నిలిచాయి. ఊర్మిళ చాలాసేపటికి కళ్లు తెరిచేసరికి చేపలన్నీ పైకి చేరి, నోళ్లు నీటి అంచుకు ఆనించి ఉన్నాయి.

"వీటికీ ధ్యానం కుదిరిందండీ," అంది సంబరంగా.

"ఊపిరాడక వచ్చాయే పిచ్చిదానా. పైన నీళ్లు కదిలితేనే వాటికి గాలి."

ఊర్మిళ గబగబా స్విచ్చి వేసింది. మోటారు ఒకసారి గుర్రుమని ఊరుకుంది. మళ్లీ వేసింది, ఉలుకూ పలుకూ లేదు. ఎర్రచేప ఒకటి పక్కకు ఒరిగింది. వకుళమ్మగారు చెంబు అందించి, నీళ్లు ముంచి ఎత్తునుంచి పొయ్యమన్నారు. ఊర్మిళ ముంచింది, పోసింది. నీళ్లు చిట్లి ముఖం మీద పడ్డాయి. ఆ తెరిచిన నోళ్లను చూస్తుంటే ఆమెకు కౌముది అనే "సరే అమ్మా" గుర్తొచ్చింది. ఇక తనకు గిటారు అక్కర్లేదని పిల్ల ఎందుకనుకుంది? చెంబు గురువుగారి చేతిలో పెట్టి, చెప్పులైనా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తింది.

కౌముది గది గడియ వేసి ఉంది. ఊర్మిళ రెండు చేతులతో తలుపు బాదింది, పేరు పెట్టి అరిచింది. లోపల చప్పుడు లేదు. ఇరుగుపొరుగు మెట్లెక్కి వస్తుండగా తలుపు కొద్దిగా తెరుచుకుంది.

"ఏంటమ్మా ఆ అరుపులు?" అంది పిల్ల, వినపడీ వినపడనట్టు.

"నువ్వూ గట్టిగా అరువు," అంది ఊర్మిళ.

పిల్ల నమ్మనట్లు చూసింది. తర్వాత చీకటి పడేదాకా అరిచింది, ఏడ్చింది, తల్లిని అనరాని మాటలన్నీ అంది. ఊర్మిళ గుమ్మం వదిలి కదల్లేదు. మర్నాడు ఇద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లారు.

పిల్ల ఇంట్లో ఉండే వేళ కళ్లు మూసుకు కూర్చోకూడదని ఊర్మిళ నిశ్చయించుకుంది. ఆ మాట తప్పలేదు; సాయంత్రం ధ్యానానికి మళ్లీ రాలేదు. కౌముది బయటికెళ్లిన ఓ ఉదయం వచ్చినప్పుడు, ఇల్లెలా ఉందని వకుళమ్మగారు అడిగారు.

"గోలగా ఉందండీ."

తొట్టిలో మోటారు రొద పెడుతోంది. ఎర్రచేప రాళ్ల మధ్య తిరుగుతోంది. ఆవిడ అటే చూస్తూ, "కిందికి దిగిందన్నమాట," అన్నారు.