అందుకోని తట్ట

మాకు వైద్యం నేర్పే పెద్ద డాక్టరు వేదగిరి మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. అడిగినవాళ్లను రోగి మంచం దగ్గరకు తీసుకెళ్తారు. ఆ అలవాటు చూస్తే మాకందరికీ ఒళ్లు మండేది.

ఆ ఉదయం నీలవేణి అడిగింది. మా పెద్దాసుపత్రిలో ఆమె కొత్తగా చేరిన డాక్టరు. ఆమె రోగి పెంచలయ్య బేల్దారి మేస్త్రి. వాన భయానికి వడ్ల బస్తాలు పడకగదిలోకి చేర్చి, పురుగు పట్టకుండా వాటిలో మందు బిళ్లలు పెట్టి, తలుపులు బిగించుకుని పక్కనే పడుకున్నాడు. భార్య రమణమ్మ పుట్టింటికి వెళ్లి ఉండబట్టి బతికింది.

"రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉంది సార్, గ్లూకోజు ఎక్కుతోంది. అయినా బీపీ పడిపోతోంది. రెండూ ఇంకా పెంచితే బతకడా?"

పుస్తకం ఆమెకు నోటికి వచ్చు. తిన్న అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు కణంలోని మైటోకాండ్రియాలో చేయి చేయి మారుతూ పోయి, ఆఖరున ఆక్సిజన్‌ను చేరాలి. ఆ నడక బలంతోనే ఏటీపీ తయారవుతుంది. గుండె కొట్టుకునేది దానితోనే. ఆ బిళ్లల విషవాయువు సరిగ్గా ఆఖరి మెట్టునే పట్టేస్తుందనీ, దానికి విరుగుడు లేదనీ కూడా చదివింది. చదివినదాన్ని నమ్మడానికి మనసొప్పలేదు, అంతే.

మాస్టారు వెళ్లి పెంచలయ్య పక్కన కూర్చున్నారు. అతను తెలివిలోనే ఉన్నాడు. రమణమ్మ ఆక్సిజన్ మాస్కును రెండు చేతులా అతని మొహానికి అదిమి పట్టుకుని ఉంది.

"మేస్త్రీ, స్లాబు వేసేటప్పుడు సిమెంటు మాలు తట్టలు వరసగా అందిస్తారే, పైన ఆఖరివాడు అందుకోకపోతే ఏమవుతుంది?"

పని మాట వినగానే అతని మొహం వెలిగింది. మాస్కు పక్కకు జరిపించుకున్నాడు.

"ఏమైద్ది సార్? అందరి చేతుల్లో తట్టలు నిండుగానే ఉంటాయి. పనే జరగదు. కాసేపుంటే మాలు గట్టిపడిపోద్ది."

"కింద ఇంకా మాలు కలిపితే?"

"ఎంత కలిపితే ఏం సార్, అంతా దండగే."

నీలవేణి గోడవైపు తిరిగి ఏడ్చింది. ఎవరి సంగతి చెప్పాడో పెంచలయ్యకు తెలియదు. ఆ క్షణాన మాస్టారంటే నాకు అసహ్యం వేసింది, దాచుకోను.

మధ్యాహ్నం లోపే పెంచలయ్య పోయాడు. రమణమ్మ మాస్కు వదల్లేదు. "గాలి ఇంకొంచెం పెట్టమ్మా, పీల్చుకుంటాడు" అని బతిమాలుతూనే ఉంది. నీలవేణి సిలిండరు కట్టేయబోయింది.

మాస్టారు ఆపారు.

"ఉండనియ్యమ్మా. ఆమె చేతిలో తట్ట ఇంకా నిండుగానే ఉంది."