తీసేసిన సొట్ట

బుల్లబ్బాయి మాస్టారు ఎప్పుడూ గుమ్మానికి వీపు పెట్టే కూర్చునేవారు. వచ్చేవాళ్లని కళ్లతో చూడవలసిన అవసరం ఆయనకి లేదు. కాలవ వంతెన దిగి, మూతపడిన బియ్యం మిల్లు ఆవరణలోకి సైకిలు తిరగ్గానే చెవి ఒకసారి అటు వేసి, "సత్తిరాజొస్తున్నాడు, టీ చెప్పండి" అనేవారు. ఫ్రీవీలు కూసే తీరు, మడ్‌గార్డు వణికే తీరు, బ్రేకు కడ్డీ తగిలే తీరు ఆయనకి మనుషుల గొంతుల్లాగే గుర్తు. పాతకాలపు సైకిళ్ల పిచ్చి పట్టి, వాటిని బాగుచెయ్యడం నేర్చుకోడానికి ఆదివారాలు ఆయన దగ్గర చేరే నలుగురైదుగురికీ ఇదో వినోదం. ఒకసారి సత్తిరాజు మాస్టారిని బోల్తా కొట్టిద్దామని స్నేహితుడి సైకిలెక్కి వచ్చాడు. "సూరయ్య సైకిలు మీద ఎవడో దొంగ వస్తున్నాడు, వాడికి టీ లేదు" అన్నారాయన.

అలాంటి మాస్టారు ఆ ఆదివారం నూకరత్నం వచ్చిన సంగతి గమనించలేదు. ఆవిడ సైకిలు నడిపించుకుంటూ వచ్చి, గోడకి చేరేసి, అందరి వెనకాలా నిలబడింది. టీలు వచ్చాక ఒక గ్లాసు తక్కువైంది. అప్పుడు వెనక్కి తిరిగి, "నువ్వెప్పుడొచ్చావమ్మా, వినబడనే లేదు" అని మాస్టారు నొచ్చుకుని తన గ్లాసు ఆవిడ చేతికిచ్చారు. రత్నం గ్లాసు పట్టుకుంది గానీ తాగలేదు.

"తీసేసిన సొట్టని తిరిగి పెట్టొచ్చా మాస్టారూ?" అని అడిగింది.

సత్తిరాజు నవ్వాడు. సొట్టలు తీయించుకోడానికి వచ్చేవాళ్లే గానీ పెట్టించుకోడానికి వచ్చినవాళ్లెవరూ అంతవరకు ఆ మిల్లు గడప తొక్కలేదు. ఆవిడ మొహం చూశాక నవ్వు మింగేసి, తన సైకిలు మీదికి వంగి లేని పని కల్పించుకున్నాడు.

గోడకి చేరేసిన ఆ సైకిలు రత్నం మామగారు కొన్న, విదేశం నుంచి వచ్చిన సీమ సైకిలు. నల్ల రంగు, సన్నటి బంగారు గీతలు, గొలుసుని పూర్తిగా కప్పేసే రేకు కవరు. ఆయన తరవాత అది రత్నం భర్త వీరభద్రరావుకి వచ్చింది. వీరభద్రరావుకి లాకుల దగ్గర ఉద్యోగం, కాలవగట్టు మీదే రాకపోకలు. పెళ్లయిన కొత్తలో రత్నాన్ని వెనక కూర్చోబెట్టుకుని లంకలో ఉన్న పిన్నిగారింటికి బయల్దేరాడు. రేవులో పడవ ఎక్కిస్తుంటే సైకిలు జారి, చైను కవరు పడవ అంచుకి కొట్టుకుని సొట్టబోయింది. అప్పట్నుంచి పెడలు తిరిగినప్పుడల్లా టిక్కు, టిక్కు. బాగుచేయించమని రత్నం పోరితే, "ఉండనీవే, బెల్లు కొట్టే శ్రమ తప్పింది" అనేవాడు.

నిజంగానే తప్పింది. సాయంత్రం సందు మొదట్లో ఆ చప్పుడు వినబడగానే అత్తగారు సూరమ్మ లేచి కాఫీకి పాలు పొయ్యి మీద పెట్టేది. కొడుకు కాళ్లు కడుక్కుని వచ్చేసరికి పాలు పొంగేవి. పాతికేళ్లపాటు ఆ ఇంట్లో సాయంత్రమైందని చెప్పింది గోడ గడియారం కాదు, ఆ సొట్టే.

వీరభద్రరావు పోయి రెండేళ్లయింది. సైకిలు పెరట్లో వానకి తడిసి తుప్పు పట్టింది. పాత సామాన్లవాడికి వెయ్యడానికి చేతులు రాక, ఎవరికైనా ఇవ్వడానికి మనసు రాక, రత్నం దాన్ని మాస్టారి దగ్గరికి తెచ్చింది. ఆయన దగ్గర ఒక నియమం ఉంది. ఎంత పాడైన సైకిలైనా సరే, విప్పేముందు కాస్త నూనె పోసి, వచ్చింది వచ్చినట్టుగా ఒకసారి తొక్కాలి, తొక్కుతూ వినాలి. రత్నం ఆ ఒక్కటీ చెయ్యలేనంది. భర్త కూర్చున్న సీటు మీద కూర్చోవడం ఆవిడకి మనసొప్పలేదు. మాస్టారు బలవంతపెట్టలేదు.

తక్కిన పనంతా ఆవిడ ప్రాణం పెట్టి చేసింది. తుప్పు గీకింది, రంగు కలిపింది, ఊపిరి బిగబట్టి సన్నకుంచెతో బంగారు గీతలు దిద్దింది. సీటు తోలు మాత్రం ముట్టుకోలేదు. అన్నిటికన్నా చివర చైను కవరు చేతికొచ్చింది. దాన్ని ఇసుకసంచి మీద పెట్టి, చెక్కసుత్తితో లోపలి నుంచి మెల్లమెల్లగా తట్టి, వేలితో తడిమినా తెలియనంత నున్నగా సొట్ట తీసేసింది. అందరూ చేతికి తీసుకుని చూసి మెచ్చుకున్నారు. ఆవిడా మురిసింది. ఏం తీసేసిందో అప్పుడు ఆవిడకి తోచలేదు.

ముందురోజు శనివారం సాయంత్రం తమ్ముణ్ణి పిలిపించి, సైకిలిచ్చి, సందు మొదట్నుంచి తొక్కుకుంటూ రమ్మని పంపింది. అత్తగారితో ఏమీ చెప్పలేదు. తను వంటింట్లో నిలబడి చెవులు రిక్కించింది. ఎంతసేపు విన్నా ఏమీ రాలేదు. కాసేపటికి తమ్ముడే లోపలికొచ్చి, "వెన్నలా నడుస్తోందక్కా" అన్నాడు. సూరమ్మ వీధిలోకి వెళ్లి చూసి, "ఎవరిదమ్మాయ్, ఈ కొత్త సైకిలు?" అని అడిగింది.

"పార్టులన్నీ దానివే వెతికి వెతికి పెట్టాను మాస్టారూ" అంది రత్నం. "ఆయన వచ్చే చప్పుడు మాత్రం నా చేత్తోనే కొట్టి తీసేశాను. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను. సొట్ట ఎక్కడుండేదో చూపిస్తాను, అక్కడే, అంతే కొట్టి పెట్టండి. మా అత్తయ్య, నేను ఒక్కసారి వింటే చాలు."

మాస్టారు ఆ కవరుని అరచేత్తో నిమిరి చూశారు. తరవాత తలకి తువ్వాలు చుట్టుకుని, "లంకలో ఎవరి దగ్గరో మంచి పాత సైకిలుందట, చూసొద్దాం పద. నీ సైకిలు మీద రా" అన్నారు.

"చిన్నప్పుడెప్పుడో తొక్కానండి. ఇది మగవాళ్ల సైకిలు, మధ్యలో కడ్డీ."

"కడ్డీ మీంచి కాలెయ్యి" అన్నారాయన, తన సైకిలు తీస్తూ.

ఇద్దరూ గట్టెక్కారు. మాస్టారు ముందు, ఆవిడ వెనక. కూర్చోగానే రత్నానికి తెలిసింది, సీటు ఎడంపక్కకి ఒరిగి ఉందని. వీరభద్రరావు ఎప్పుడూ ఎడంపక్కకి ఒరిగే తొక్కేవాడు. వెనక కూర్చుని అన్నేళ్లు ఆవిడ చూసింది ఆ ఒరిగిన వీపునే. ఇప్పుడు ఆ వీపు లేదు, ఎదర దారంతా కనబడుతోంది, అది ఆవిడకి భరించరాకుండా ఉంది. ఆయన ఉంటే బాగుండునని అన్నం తింటున్నప్పుడూ, తలుపు గడియ వేస్తున్నప్పుడూ అనుకుంటూనే ఉంది గానీ, అంత గట్టిగా ఎప్పుడూ అనుకోలేదు. సైకిలు మాత్రం కిక్కురుమనకుండా పోతోంది.

తూము దగ్గర గడ్డి ట్రాక్టరు ఎదురొచ్చింది. రత్నం దిగబోయింది. కాలు కడ్డీకి అడ్డుపడి, నేల అందక, సైకిలుతో సహా తూము రాతి మీద పడింది. మోచెయ్యి గీసుకుపోయింది. ఆవిడ దాన్ని చూసుకోలేదు, చైను కవరు చూసింది. వెనకవైపు రంగు లేచి, బొటనవేలు పట్టేంత సొట్ట.

మాస్టారు వెనక్కొచ్చేసరికి ఆవిడ సైకిలుకి తగిలించిన సంచిలోంచి స్పానరు తీసి నట్టు మీద పెట్టేసింది. "ఎంతసేపండీ, ఇప్పుడే విప్పి తీసేస్తాను" అంది.

"విప్పేముందు ఏం చెయ్యాలి?" అన్నారు మాస్టారు.

రత్నం స్పానరు సంచిలో పెట్టి, సైకిలెక్కి, తూము నుంచి ఎదరున్న తాటిచెట్టు దాకా తొక్కింది. టక్కుమని ఒకసారి. వెనకే, మాట మధ్యలో ఆపేసినట్టు, చిన్నగా ఇంకో టిక్కు. మళ్లీ టక్కు, మళ్లీ చిన్న టిక్కు. తాటిచెట్టు దగ్గర దిగి, హ్యాండిలు మీద తల పెట్టుకుని ఏడ్చింది. మాస్టారు తన సైకిలు నడిపించుకుంటూ నెమ్మదిగా అక్కడికి చేరారు.

"ఇది ఆయనది కాదు మాస్టారూ."

"కాదు" అన్నారాయన.

ఆయన తలకి చుట్టిన తువ్వాలు విప్పి, మోచేతికి కట్టుకోమని ఇచ్చారు. ఆ రోజు ఇద్దరూ లంకకి వెళ్లలేదు.

సాయంత్రం రత్నం సందులోకి తిరిగేసరికి, చప్పుడు విని సూరమ్మ పాలగిన్నె చేత్తో పట్టుకునే వీధి గుమ్మంలోకి వచ్చేసింది. సైకిలు మీద కోడల్ని చూసి ఆగిపోయింది. "నువ్వా" అంది. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. కానీ ఎవరి కోసం అంత తొందరగా వచ్చిందో ఇద్దరికీ తెలుసు. "ఆ చేతికి పసుపు రాసుకో అమ్మాయ్" అని లోపలికెళ్లిపోయింది. ఆ పూట కాఫీ రత్నమే పెట్టుకుంది.

ఆ వారమంతా కవరు విప్పేద్దామని ఆవిడకి చేతులు దురదపెడుతూనే ఉన్నాయి. విప్పలేదు. బజారుకీ, పనికీ ఆ సైకిలు మీదే వెళ్లొచ్చింది. దిగేటప్పుడు కడ్డీ మీంచి కాలు వెయ్యడం కాస్త అలవాటైంది.

తరవాతి ఆదివారం మిల్లులో అందరూ పనిలో ఉండగా కాలవ వంతెన దిగుతూ ఒక సైకిలు వినబడింది. సత్తిరాజు స్పానరు తీసుకుని లేచాడు.

"ఎవరిదో చైను కవరు తగుల్తోంది మాస్టారూ. రాగానే విప్పి సరిచేసేద్దామా?"

మాస్టారు గుమ్మానికి వీపు పెట్టి కూర్చుని గొలుసు తుడుస్తున్నారు. చెవి ఒకసారి అటు వేశారు గానీ తల ఎత్తలేదు.

"రత్నం వస్తోంది" అన్నారు. "టీ చెప్పండి."