దిగొద్దని ఎవరన్నారు అబ్బులూ?

పొగడలంకలో అబ్బులు అనే సర్పంచ్ ఉండేవాడు; మనిషి మంచివాడే గానీ, ఎవరికీ అడ్డు రాకపోతే చాలు, అక్కడితో తన పని అయిపోయిందనుకునేవాడు.

అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. అంతకుముందు ఆ లంకలో ఆడపిల్లలు కాలవ దాటి చదువుకి వెళ్ళకూడదని కట్టుబాటు ఉండేది. అబ్బులు సర్పంచ్ అయిన రోజే అందరి ముందూ నిలబడి, "ఇవాళ్టితో ఆ కట్టుబాటు రద్దు! ఏ పిల్లనైనా ఆపాలంటే, ముందు నాతో మాట్లాడాలి!" అన్నాడు. ఊరంతా ఈలలు వేసింది. ఆనాడు మెలేసిన మీసం ఆయన మళ్ళీ కిందికి దించలేదు.

ఆ ఏడు వరదకి కాలవ మీది తాటిదుంగ వంతెన కొట్టుకుపోయింది. కొత్త దుంగ నరికి గట్టు మీద పడేశారు. లంకలో ఒక ఆచారం ఉండేది. దుంగకి కట్టిన మోకు మొదట సర్పంచ్ పట్టాలి. ఆయన "హైలెస్సా" అంటేనే మిగతావాళ్ళు చెయ్యి వేస్తారు. అబ్బులేమో పట్టడు! ఇవాళ ఎండంటాడు, రేపు నడుం నొప్పంటాడు.

ఆ ఊళ్ళోనే పోలమ్మ అనే ముసలావిడ ఉండేది. ఆవిడ మనవరాలు నూకరత్నం అయిదో తరగతి పాసైంది. హైస్కూలు కాలవ అవతల ఉంది. సోమవారంలోగా వచ్చి చేరకపోతే ఈ ఏటికి ఇక కుదరదని హెడ్మాస్టరు గారు కబురు పెట్టారు. పోలమ్మ పరుగున అబ్బులు దగ్గరికి వెళ్ళింది.

"అబ్బులూ, పిల్ల చదువు పోయేలా ఉంది. ఆ మోకు మీద ఓ చెయ్యి వెయ్యి నాయనా."

"చదువుకోవద్దని ఎవరన్నారు పిన్నీ? కట్టుబాటు తీసేసింది నేనే కదా! శుభ్రంగా వెళ్ళమను. నేనేమైనా అడ్డు నిలబడ్డానా?"

"నువ్వు నిలబడలేదయ్యా, కాలవ నిలబడింది!"

"కాలవని నేను తవ్వించానా?" అని నవ్వేసి, అబ్బులు భోజనానికి లేచాడు.

నూకరత్నం కొత్త సంచీ ఒళ్ళో పెట్టుకుని గట్టున కూర్చుని ఏడ్చింది. అవతల బడి గంట చక్కగా వినిపిస్తూనే ఉంది, పాపం.

ఆదివారం అబ్బులు ఇంటికి లంక ఆ చివర నుంచి వియ్యంకుడు భోజనానికి వస్తున్నాడు. పెంకుటింటి కప్పు మీదికి పాకిన పాదుకి లేత ఆనపకాయ ఒకటి కాసింది. అబ్బులు నిచ్చెన వేసుకుని ఎక్కాడు. కాయ కోసి చంకన పెట్టుకుని వెనక్కి తిరిగేసరికి, ఆయన గేదే వచ్చి నిచ్చెనకి వీపు రుద్దుకుంది. నిచ్చెన దబ్బున పడింది. గేదె హాయిగా తన దారిన తాను పోయింది.

"ఎవర్రా అక్కడ! నిచ్చెన! నిచ్చెన వెయ్యండి!" అని అబ్బులు అరిచాడు. కాలు కదిపితే కింద పెంకు పటుక్కుమంటోంది. జనం పోగయ్యారు. పోలమ్మ కూడా వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని తలెత్తి చూసింది.

"దిగొద్దని ఎవరన్నారు అబ్బులూ?"

"అదేం మాట పిన్నీ!"

"శుభ్రంగా దిగు నాయనా. మేమేమైనా అడ్డు నిలబడ్డామా? తప్పుకోండర్రా, సర్పంచ్ గారి దారికి అడ్డు రాకండి!"

అందరూ బుద్ధిగా వెనక్కి జరిగారు.

"అడ్డు లేకపోతే మాత్రం ఎలా దిగను? నిచ్చెన వేసేవాళ్ళు ఉండొద్దూ!" అని అరిచి, అబ్బులు టక్కున ఆగిపోయాడు. ఆ మాట తన నోట్లోంచే వచ్చింది మరి! కప్పు మీద నుంచి కాలవ గట్టు కనిపిస్తోంది. గట్టు మీద దుంగ, అవతల బడి, రెండూ కనిపిస్తున్నాయి. ఆయనకి సిగ్గేసింది. మీసం మెల్లిగా కిందికి దిగింది.

జనం ఇంకా నవ్వుతుంటే, నూకరత్నం వెళ్ళి నిచ్చెన ఒక కొస పట్టుకుంది. నిచ్చెన ఆ పిల్ల వల్ల కదిలితే కదా!

"పాపం సర్పంచ్ గారు భయపడుతున్నారు. తలో చెయ్యి వెయ్యండి! హైలెస్సా!" అంది.

అందరూ కలిసి నిచ్చెన లేపారు. అబ్బులు దిగాడు. అప్పుడే వచ్చిన వియ్యంకుడి చేతిలో ఆనపకాయ పెట్టి, "బావగారూ, కూర సాయంత్రం తిందాం. పదండి," అంటూ తిన్నగా గట్టు మీదికి నడిచి మోకు పట్టాడు.

"నడుం నొప్పో?" అంది పోలమ్మ.

"కప్పు మీద వదిలేసి వచ్చాను పిన్నీ! హైలెస్సా!"

ఊరంతా హైలెస్సా అంది. వియ్యంకుడు కూడా ఆనపకాయ పక్కన పెట్టి ఒక పట్టు పట్టాడు. సాయంత్రానికి వంతెన నిలబడింది. సోమవారం పొద్దున్నే దాని మీద మొదటి అడుగు నూకరత్నం వేసింది. వెనకాల ఆ పిల్ల సంచీ మోస్తూ అబ్బులు నడిచాడు. బడి గంట మోగేసరికి పిల్ల గుమ్మంలో ఉంది.

పిల్లలూ, వెళ్ళొద్దని ఆపకపోవడం హక్కులో సగమే. వెళ్ళడానికి దారి వెయ్యడం మిగతా సగం.