మందగమన కోసం నత్త వెనక

పెసరలంకలో తెలివి ఎవరింట్లో ఉందని అడిగితే రాగమ్మా, ఆవిడ కొడుకులిద్దరూ ఒకేసారి చెయ్యెత్తుతారు. ఊళ్లో మరెవరూ ఎత్తరు, తక్కినవాళ్లకి పనులుంటాయి కదా. పెద్దకొడుకు ధర్మయ్య పెళ్లాం పుట్టింటికెళ్లి ఏళ్లయింది. పాపం, తిరుగు బస్సు దొరకలేదు కాబోలని వీళ్లింకా అనుకుంటున్నారు. అదీ వీళ్ల తెలివి.

ఇక చిన్నకొడుకు గవర్రాజు పెళ్లి కావాలి.

"మీ నాన్న నన్ను ముద్దుగా 'మందగమనా' అని పిలిచేవారురా. ఈ ఇంటికి కోడలంటూ వస్తే మందగమనే రావాలి," అంది రాగమ్మ.

మందగమన అంటే ఏమిటో కొడుకులకి తెలీదు. వెళ్లి మాష్టారిని అడిగారు.

"మెల్లగా నడిచే ఆడది అనయ్యా. కానీ అది పూర్వం పొగడ్తగా..." అని ఆయన అంటూండగానే అన్నదమ్ములు మెట్లు దిగి వీధిలో పడ్డారు. సగం వింటే చాలు, మిగతా సగం మనకే తెలుస్తుందని ధర్మయ్య నమ్మకం.

మెల్లగా అంటే ఎంత మెల్లగా? దానికో కొలత ఉండాలి కదా. గవర్రాజు పెరట్లోంచి ఒక నత్తని పట్టుకొచ్చి, కొబ్బరిచిప్పలో తడి ఆకేసి పెట్టాడు. ఇంకేముంది, ముగ్గురూ చిప్ప పుచ్చుకుని పెళ్లిచూపులకి బయల్దేరారు.

మొదటి ఇంట్లో పిల్ల పొగలు కక్కే కాఫీ తెచ్చింది. రాగమ్మ గ్లాసు ముట్టుకుని చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది. "వంటింట్లోంచి ఇక్కడికొచ్చినా చల్లారలేదంటే ఎంత పరుగున తెచ్చిందో! ఒద్దండి, ఈ పిల్ల గుర్రం." ఆ పిల్ల తల్లి వీళ్లని వీధి గుమ్మం దాకా చీపురుతో సాగనంపింది. అది అక్కడి మర్యాద కాబోలనుకుని వీళ్లు దణ్ణం పెట్టి వచ్చేశారు.

రెండో ఇంట్లో పిల్ల పేరు సత్యవేణి. ముందురోజే కాల్లో తుమ్మముల్లు దిగింది. గుమ్మం పట్టుకుని, పళ్లు బిగించి అడుగులో అడుగేస్తోంది. ధర్మయ్య వెళ్లి ఆ పిల్ల పక్కనే నేలమీద నత్తని వదిలాడు. అది నింపాదిగా పాకి గడప దాటింది. పిల్ల ఇంకా అవతలే నిలబడి కాలు చూసుకుంటోంది.

"నత్తే గెలిచింది!" అని గవర్రాజు ఎగిరి గంతేశాడు.

"కాల్లో ముల్లుందండీ, రేపు తీయిస్తాం," అన్నాడు పిల్ల తండ్రి.

"అబ్బే, ఎందుకండీ, ఉండనివ్వండి," అంది రాగమ్మ.

సరదా మనుషులనుకున్నాడు ఆయన. కొబ్బరితోట ఉంది, కుర్రాడు నోరు విప్పనంతసేపూ బాగానే ఉన్నాడు. అంతే, ముహూర్తం పెట్టేశారు.

వాళ్లలో పెళ్లి మగపెళ్లివారింటి దగ్గరే. విడిది ఎదురిల్లే. "ముహూర్తం దగ్గరపడింది, అమ్మాయిని తీసుకురండి!" అని పురోహితుడు కేకేశాడు. సత్యవేణి కాలు నయమై చాన్నాళ్లయింది. కుచ్చిళ్లు ఎత్తిపట్టి చకచకా వీధి దాటి పందిట్లోకి వచ్చేసింది.

రాగమ్మ గుండె బాదుకుంది. "మోసం! మా ఆయన నన్ను మందగమనా అనేవారు, అలాంటి పిల్లని చూపించి ఇంకెవర్నో తీసుకొచ్చారు!"

"ఇంకెవర్నీ కాదండీ, నేనే," అంది సత్యవేణి.

"నువ్వే అయితే నత్త కంటే వెనక రా!" అని ధర్మయ్య కొబ్బరిచిప్ప బోర్లించాడు.

"ముహూర్తం దాటిపోతోందయ్యా!" అని పురోహితుడు మొత్తుకున్నాడు.

"దాటనివ్వండి. ముందు నత్త దాటాలి," అన్నాడు ధర్మయ్య.

ఈలోగా పెళ్లికొడుకు మాయమయ్యాడు. నుదుట బాసికంతోనే పరిగెత్తుకెళ్లి ఒక తుమ్మకొమ్మ విరుచుకొచ్చాడు. "కాలు ఇలా పెట్టు. ఒక్కటంటే ఒక్క ముల్లు. మళ్లీ మందగమనవైపోతావు," అన్నాడు ప్రేమగా.

సత్యవేణి వాణ్ణి కిందనించి పైదాకా చూసింది. ఒళ్లు మండిపోయింది. మండదూ మరి?

"అత్తయ్యగారూ, మావయ్యగారు మిమ్మల్ని ఆ మాట అన్నది మీ నడక ఆయన కంటికి అందంగా కనబడి. మీరు అడుగులు ఎంత మెల్లగా వేస్తారో కొలిచి కాదు. మనసు పడ్డ మనిషి అనే మాట అది. ముల్లు పట్టుకొచ్చినవాడు అనేది కాదు," అని దండ తీసి పీట మీద పెట్టింది. తండ్రి చెయ్యి పట్టుకుని, వచ్చినంత వేగంగానూ వెళ్లి బస్సెక్కేసింది. మంచి పని చేసింది.

పందిట్లో జనం గొల్లుమన్నారు. రాగమ్మ మాత్రం చలించలేదు. "కంగారెందుకు? నత్త చేతిలో ఓడిపోయిన పిల్ల ఎంత దూరం పోద్ది? ముందు భోజనాలు కానివ్వండి," అంది.

బూరెలు తిన్నారు. ఓ కునుకు తీశారు. పొద్దు వాలాక ధర్మయ్య నత్తని తెచ్చి, బస్సు వెళ్లిన వైపు మొహం తిప్పి రోడ్డు మీద పెట్టాడు. నత్త పిల్లని అందుకున్నప్పుడు మనమూ అందుకుంటాం అని లెక్క. ముగ్గురూ దాని వెనక బారుతీరి నిలబడ్డారు. నాకు ఆ ముగ్గురి మీదా ఇసుమంత జాలి లేదు. ఉన్న జాలంతా ఆ నత్త మీదే.

"దారిలో మీ వదిన కనబడితే తనని కూడా తెచ్చేద్దాం," అన్నాడు ధర్మయ్య తమ్ముడితో.

నత్త కొమ్ములు చాపి, పందిరి గుంజ పక్కనుంచి కాస్త ముందుకు జరిగింది. రాగమ్మ హడలిపోయింది.

"ఒరే, ఆపరా దాన్ని! ఆ ఊపున పోతే పిల్లని దాటుకుని ముందుకెళ్లిపోద్ది!"

అంతే, ధర్మయ్య వంగి నత్తని రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని ఆపాడు.