దీనమ్మ అందుకున్న పల్లవి

గోదావరి సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన, మొగలిలంక అనే ఊరి చర్చిలో దయానిధి అనే పాటల మాస్టారు ఉండేవాడు. చక్కగా పాడేవాడు గాని, తనలా పాడలేనివాళ్లను సహించేవాడు కాదు.

అతను మొదటి నుంచీ అలాంటివాడేమీ కాదు. ఒకసారి పట్నంలో జరిగిన పెద్ద సభల్లో మొగలిలంక వాళ్లు ఒక పాత కీర్తన పాడారు. అందరూ తలో వైపుకూ సాగదీశారు. ముందు వరసలో కూర్చున్నవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. దయానిధికి తల కొట్టేసినట్లయింది. ఇక తన చర్చిని చూసి ఎవరూ నవ్వకూడదని పట్టుబట్టాడు. గొంతు బాగున్న కుర్రవాళ్లను ఏరి బృందం కట్టాడు. కీబోర్డు తెప్పించాడు. పాటల మాటలు గోడమీద తెరపై కనిపించే ఏర్పాటు చేయించాడు. వారం వారం కొత్త పాటలు వచ్చాయి. పాత కీర్తనలు ఒక్కొక్కటే వెనక్కి పోయాయి.

ఆ చర్చిలో దీనమ్మ అనే పెద్దావిడ ఉండేది. ఆమెకు చదువు రాదు. తెరమీద అక్షరాలు ఆమెకు గోడమీద మరకల్లాంటివే. పాత కీర్తనలు మాత్రం మొదటి చరణం నుంచి చివరి చరణం దాకా నోటికి వచ్చు. అన్నిటిలోనూ ఆమెకు ఇష్టమైనది ‘వాకిటి దీపమా’ అనే కీర్తన. ఆమెకే కాదు, ఊరందరికీ అది ఇంటిపాట లాంటిది. పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు అదే, సాయంత్రం కుటుంబ ప్రార్థనలో అదే, ఎవరైనా పోతే ఆ ఇంటి అరుగుమీదా అదే.

దీనమ్మ గొంతు పెద్దది. పైగా ఆమెకు ఆగడం తెలియదు. చరణం ముగిసీ ముగియకముందే, అందరికంటే అరతాళం ముందు పల్లవి అందుకునేది. దయానిధికి అది పంటికింద రాయిలా ఉండేది.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక అందరి ముందే ఆమెను పిలిచాడు.

“అత్తా, ఇక నుంచి నువ్వు పెదవులు కదుపు చాలు. గొంతు ఎత్తకు” అన్నాడు.

“గొంతెత్తకపోతే దేవుడికి ఎలా వినపడుద్ది బాబూ?” అంది దీనమ్మ.

“దేవుడికి నీ మనసు వినపడుతుందిలే. మనుషులకు నీ గొంతు వినపడుతోంది, అదే ఇబ్బంది.”

బృందంలోని కుర్రవాళ్లు నవ్వారు. చాపమీద కూర్చున్న ఆడవాళ్లు తలలు దించుకున్నారు. దీనమ్మ మరుసటి ఆదివారం నుంచి గుమ్మం పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. అక్కడ పెదవులు కూడా కదిపేది కాదు.

పాస్టరుగారు దయానిధిని పక్కకు పిలిచి, “ఆవిడ మనసు కష్టపెట్టావయ్యా” అన్నారు.

“పాట బాగుండాలా, మనసులు బాగుండాలా అయ్యగారూ?”

“ఆ రెండూ వేరువేరని నేనెప్పుడూ అనుకోలేదు” అన్నారాయన. ఆ మాట దయానిధి చెవిలో పడింది గాని లోపలికి పోలేదు.

సంక్రాంతి వెళ్లాక అవతలి లంకలో చర్చి వార్షికోత్సవం వచ్చింది. మొగలిలంక బృందాన్ని పాడడానికి పిలిచారు. పొద్దున్నే రేవులో పడవ సిద్ధమైంది. సరంగు పోలయ్య ఇంజను తుడుచుకుంటున్నాడు. కీబోర్డును దుప్పటిలో చుట్టి జాగ్రత్తగా ఎక్కించారు. దీనమ్మ ఉతికిన తెల్లచీర కట్టుకుని వచ్చింది.

“నేనూ రానా దయానిధీ? ఓ మూల కూర్చుంటాను. నోరు మెదపను” అంది.

“చోటు లేదత్తా” అన్నాడు దయానిధి. చోటు ఉంది. పోలయ్య ఒకసారి మాస్టారి వైపు చూసి, తాడు విప్పాడు. సాగనంపడానికి వచ్చినవాళ్లు ఇళ్లకు వెళ్లిపోయారు. దీనమ్మ రేవు మెట్లమీదే కూర్చుండిపోయింది.

పడవ నది మధ్యకు చేరేసరికి మంచు కమ్ముకుంది. ముందు అవతలి గట్టు పోయింది. తరువాత ఇవతలి గట్టు పోయింది. చివరికి పడవ ముక్కుమీద కూర్చున్న మనిషి కూడా మసకగా కనబడ్డాడు. అంతలో ఇంజను గట్టిగా మూలిగి ఆగిపోయింది. ఎవరో వదిలేసిన వల ముక్క నీళ్లలో తిరిగే ఫ్యానుకు చుట్టుకుంది. పోలయ్య నీళ్లలోకి వంగి ఎంత లాగినా అది రాలేదు.

“లంగరు వెయ్యి పోలయ్యా” అన్నాడు దయానిధి.

వేశాడు. కింద మెత్తటి ఇసక. లంగరు పట్టు దొరక్క ఈడ్చుకుంటూ పోతోంది. పోలయ్య ముఖం మారిపోయింది.

“పాటు మొదలైందండి. నీళ్లు సముద్రం వైపు లాగేస్తున్నాయి. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగ దగ్గర కెరటాల్లో పడితే ఈ పడవ నిలబడదండి.”

“తెడ్లు ఉన్నాయిగా!”

“ఉన్నాయండి. ఎటు వెయ్యాలో తెలియాలి కదండి.”

ఫోన్లు తీశారు. ఒక్కదానికీ సిగ్నల్ లేదు. అందరూ కలిసి కేకలు వేశారు. మంచు ఆ కేకల్ని మింగేసింది. బృందంలో చిన్నది హెప్సిబా ఏడవడం మొదలుపెట్టింది. దయానిధికీ భయం వేసింది. అయినా మాస్టారు కదా అని ధైర్యం తెచ్చుకున్నాడు.

“పాడదాం. భయం పోతుంది” అని, ఆ రోజు కోసం నేర్పిన కొత్త పాట ఎత్తుకున్నాడు. రెండు పాదాలు సాగింది. ఆ పైన ఎవరికీ మాటలు గుర్తురాలేదు. తెర లేదు, చూసి పాడడానికి. పాట నీళ్లమీదే ఆగిపోయింది.

అప్పుడు తబలా వాయించే ఎలీషా సన్నగా కూనిరాగం తీశాడు. అది ‘వాకిటి దీపమా’.

“మా అమ్మ ఉయ్యాల ఊపుతూ పాడేది” అన్నాడు సిగ్గుపడుతూ.

“మా మామ్మ కూడా” అంది హెప్సిబా కళ్లు తుడుచుకుని. “వరదలప్పుడు మమ్మల్నందర్నీ చర్చి మెట్లమీద కూర్చోబెట్టి ఇదే పాడించింది. నీళ్లు తగ్గేదాకా పాడుతూనే ఉన్నాం.”

దయానిధికి వాళ్ల నాన్న గుర్తొచ్చాడు. సాయంత్రం ప్రార్థన నుంచి వస్తూ, ఏటిగట్టుమీద కొడుకును వీపున ఎక్కించుకుని ఈ కీర్తనే పాడుకుంటూ నడిచేవాడు. ఆ పాట చెవులకంటే ముందు చెంపకు తెలిసేది. నాన్న వీపులో అది గుంయ్‌మని మోగేది. ఆ గొంతుకు శ్రుతి ఉందో లేదో ఆ రోజుల్లో దయానిధికి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. దయానిధి కళ్లు చెమర్చాయి. తనే మొదటి చరణం ఎత్తుకున్నాడు. అందరి నోటా మాటలు వాటంతటవే వచ్చాయి.

చరణం ఇంకా ముగియలేదు. మంచులో ఎక్కడి నుంచో పల్లవి వినబడింది.

“వాకిటి దీపమా, నా ప్రభువా, చీకటిలో నిను చూచి వచ్చెదను…”

అరతాళం ముందు! ఆ తొందర ఎవరిదో అందరికీ తెలుసు.

“దీనమ్మత్త!” అని అరిచాడు దయానిధి.

ప్రాణం లేచి వచ్చినట్లయి అందరూ గొంతులు చించుకుని పాడసాగారు. పోలయ్య చెయ్యెత్తి గద్దించాడు.

“ఆపండి! మీరంతా పాడితే ఆవిడ ఎటువైపుందో నాకెలా తెలుస్తాదండి? మాస్టారండీ, మీరొక్కరే చరణం అందించండి. ఆ పైన గప్‌చిప్‌గా వినండి.”

దయానిధి చరణం అందించి ఊరుకున్నాడు. పల్లవి వచ్చింది. పోలయ్య చెవి ఒగ్గి, “ఎడమకు!” అన్నాడు. లంగరు పైకి లాగారు, తెడ్లు పడ్డాయి. మళ్లీ చరణం, మళ్లీ మౌనం, మళ్లీ పల్లవి. ఇన్నేళ్లుగా ఆ గొంతును ఎలా ఆపాలా అనే చూశాడు గాని, దయానిధి దాన్ని విన్నది ఇప్పుడే. అందులో వణుకు ఉంది. గరుకు ఉంది. ఆ రెంటి కిందా, పిలిస్తే పలికేవాడు ఒకడున్నాడన్న గట్టి నమ్మకం ఉంది.

కాసేపటికి పల్లవి ఆగిపోయింది. దగ్గు వినబడింది. తరువాత అదీ లేదు. పడవ మెల్లగా పక్కకు తిరిగిపోవడం అందరికీ తెలుస్తూనే ఉంది.

“అత్తా! ఆపకత్తా! గొంతెత్తి పాడు! నీకు దణ్ణం పెడతాను, గొంతెత్తు!” అని దయానిధి మంచులోకి కేక పెట్టాడు.

కొంచెం సేపు ఏమీ లేదు. తరువాత ఆ గొంతు మళ్లీ లేచింది, ఈసారి ఇంకా బొంగురుగా. దాని వెంట మరికొన్ని గొంతులు కలిశాయి. ఊళ్లోని ఆడవాళ్లు దీనమ్మ పాట విని రేవుకు పరుగెత్తుకొచ్చారు. తెడ్లు గట్టిగా పడ్డాయి. పడవ అడుగున ఇసక గీసుకున్న చప్పుడైంది.

దీనమ్మ నడుం లోతు నీళ్లలో నిలబడి ఉంది. చలికి పెదవులు నల్లబడ్డాయి. దయానిధి పడవలోంచి దూకి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నీళ్లలోకి ఎందుకు దిగావత్తా?”

“మీ పాట సన్నగా వినపడింది నాయనా. నాలుగడుగులు దగ్గరికొస్తే నా పాట మీకు బాగా వినపడుద్దని” అంది. మాట సరిగా పెగలడం లేదు. “తాళం తప్పానా?”

“తప్పావత్తా. ఆ తప్పును బట్టే నువ్వని తెలిసింది.” అతను ఆమె చేతులు వదల్లేదు. “పడవలో చోటుంది. లేదని అబద్ధమాడాను. క్షమించు.”

“చోటుందని నేనూ చూశాన్లే” అంది దీనమ్మ. “ముందు ఆ పిల్లకి ఓ పొడిగుడ్డ ఇవ్వండి. వణికిపోతోంది.”

దీనమ్మ జ్వరంతో మంచం పట్టింది. ఆమె లేచి తిరిగేదాకా దయానిధి తాను పాఠాలు చెప్పే బడికి వెళ్లే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి ఆ ఇంటికి వెళ్లేవాడు. పక్కన కూర్చుని, తనకు రాని పాత కీర్తనలు ఒక్కొక్కటీ ఆమె దగ్గర నేర్చుకున్నాడు. తరువాత చర్చిలో కొత్త పాటలూ పాడారు, పాతవీ పాడారు. ఆరాధనలో పాట మొదలుకాగానే దయానిధి కీబోర్డు మీద చెయ్యి వేసేవాడు కాదు. చాపమీదివాళ్లూ బెంచీలమీదివాళ్లూ ఎవరి గొంతుతో వాళ్లు పాడుతుంటే, కాసేపు కళ్లు మూసుకుని వినేవాడు. దాంతో పాట అందంగా తయారైందని చెప్పలేం గాని, చర్చి మాత్రం నిండుగా మోగేది.

భక్తితో పాడే గొంతు ఎంత గరుకుదైనా దాన్ని తక్కువ చేయకూడదు. పదిమందిని పాడించాలనుకునేవాడు ముందు ఆ పదిమందినీ వినడం నేర్చుకోవాలి.