మరక కనపడని నేల

వెనకటి జమీందార్లలో రంగభూపతి దొరకి తాంబూలం లేనిదే మాట పెగిలేది కాదు. నమిలినంతసేపు నమిలి, ఎక్కడుంటే అక్కడే ఉమ్మేవాడు. దివాణంలో తెల్లరాతి నేల మీద మరక కనపడితే మాత్రం ఊడ్చేవాళ్ల వైపు వేలు చూపించి పనిలోంచి తీసేసేవాడు. అలా పని పోయినవాళ్లలో రాళ్లు పరిచే పైడయ్య పెళ్లాం కూడా ఉంది.

చివరికి దొర పైడయ్యనే పిలిపించాడు. "మరక పడినా కనపడని నేల పరుచు. నేల మీద మరక కనపడిందో, నువ్వు ఊళ్లో కనపడవు!"

నెల తిరిగేసరికి ఎర్రచుక్కల రాళ్లు పరిచాడు పైడయ్య. దొర వస్తూనే అలవాటుగా పక్కకి ఉమ్మి, అప్పుడు నేల చూసి తెల్లబోయాడు. నేలంతా ఎవరో ఉమ్మినట్టే ఉంది!

"అదిగో, మరక!"

"అది రాతి చుక్క బాబూ."

"మరి ఇది?"

"అదీ రాయే బాబూ."

దొర బుర్ర గిర్రున తిరిగింది. ఏది మరకో, ఏది రాయో! ఇక లాభం లేదని మోకాళ్ల మీద కూలబడి, ఒక్కో చుక్కనీ వేలితో రుద్దడం మొదలెట్టాడు. చాలాసేపటికి వేలికి తడి తగిలింది.

"దొరికింది! ఇదిగో మరక!" అంటూ ఎర్రటి వేలు పైకెత్తాడు.

పైడయ్య చేతులు కట్టుకున్నాడు. "నేల మీద కనపడలేదు కదా బాబూ! తమరి వేలి మీదే కనపడింది."

ఆ వేలు ఎవరి వైపు చూపించాలో దొరకి తోచలేదు.